ఇంజను ఆపని బాబాయి

రాజవంశాలు ఎప్పుడు మొదలయ్యాయో, యుద్ధాలు ఎందుకు జరిగాయో తేల్చడానికి శాసనాలున్నాయి, నాణేలున్నాయి, వాటిని తవ్వి తీసి పోట్లాడుకునే పండితులున్నారు. మిషను బాబాయి తన మోటారు సైకిలు ఇంజను ఆపడం ఏనాడు మానేశాడన్న సంగతికి మాత్రం అలాంటి ఆధారం ఒక్కటీ మిగల్లేదు. చరిత్రకు ఇది తీరని లోటు. ఉన్నవల్లా రెండు పాఠాంతరాలు. బాబాయి భార్యను వీధంతా పిన్ని అంటుంది. ఆవిడ చెప్పేదాని ప్రకారం ఇది ఒక వానాకాలంలో మొదలైంది. తడిసిన బండి మళ్ళీ స్టార్టవదేమోనని ఆయన ఆపకుండా ఉంచాడు, ఎండలు వచ్చి బండి ఆరింది గానీ ఆయన భయం ఆరలేదు. పిన్ని తమ్ముడు బండ్ల మెకానిక్కు. అతని పాఠం వేరు. పెట్రోలు మీద పగబట్టినవాడు తప్ప ఇంకెవడూ ఇలా చేయడనీ, పగకి కాలనిర్ణయం అక్కర్లేదనీ అతను తేల్చేశాడు.

అసలు సంగతి తెలిసినవాడు బాబాయి ఒక్కడే. ఆయన రెండు వాదాలనూ సమానంగా గౌరవించి ఊరుకున్నాడు.

బాబాయి పని కుట్టుమిషన్లు బాగుచేయడం. ఆయనకు అసలు పేరంటూ ఒకటి ఉంది, కానీ అది ఇంటిపన్ను రసీదు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. బండి సీటు వెనక తాడుతో బిగించిన చెక్కపెట్టె, అందులో సన్నటి స్క్రూడ్రైవర్లు, కొంగముక్కులాంటి మూతి ఉన్న నూనెడబ్బా, తోలుబెల్టులు, సూదుల పొట్లాలు. కాలితో తొక్కే మిషను ఇనపకాళ్ళ జీవం. దాన్ని చంకనెత్తుకుని వైద్యుడి దగ్గరికి పరిగెత్తడం కుదరదు, వైద్యుడే రావాలి. పైగా బాబాయికి ఒక సిద్ధాంతం ఉంది. మిషను తన గదిలో, తన నేల మీద, తనను రోజూ తొక్కే మనిషి ఎదురుగా ఉంటేనే నిజం చెబుతుందట. పరాయిచోట నోరు మెదపదట. కోటు టైలరు మిషను ఒకసారి నెలల తరబడి కడుపునొప్పి వచ్చినట్టు మూలిగింది. బాబాయి దాని బల్ల మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, రోగం మిషనుది కాదు, దాని కింద కదులుతున్న నేలపలకది అని చెప్పి, కాలి కింద ఒక అట్టముక్క మడిచిపెట్టి వచ్చేశాడు. అప్పటినుంచి ఆ సిద్ధాంతానికి ఎదురు లేదు.

ఆయన లోపల ఇలా కళ్ళు మూసుకుని ఉంటే, బయట గుమ్మం ముందు ఆయన బండి స్టాండు మీద నిలబడి, నెమరు వేస్తున్న ఆవులా డుగుడుగుమంటూ ఉండేది.

“ఏం బాబాయ్, వచ్చినట్టా, వెళ్తున్నట్టా?” అనేవాడు కోటు టైలరు.

“పని చూడు.”

“నా పని సరే. నీ బండి చూస్తే అప్పులవాళ్ళు తరుముకొస్తున్న పెళ్ళికొడుకులా ఉంది. కాస్త ఊపిరి తీసుకోనియ్యవయ్యా దాన్ని.”

“ఊపిరి తీసుకుంటోంది కాబట్టే చప్పుడొస్తోంది,” అనేవాడు బాబాయి. ఆ జవాబులో తర్కం ఉన్నట్టు అనిపించడం వల్ల ఎవరూ ముందుకు పోయేవారు కాదు.

ఇలా పగలంతా ఊరి చెవులు తినే మనిషి, తెల్లవారుజామున మాత్రం ఆదర్శపురుషుడు. ఆయన ఇల్లు వాలుగా దిగే సందులో పైకొసన ఉంది. పొద్దున్నే గేటు తీసి, బండెక్కి, ఇంజను ముట్టుకోకుండా పిల్లిలా సందు చివరిదాకా దొర్లించుకుంటూ పోయి, మలుపు తిరిగాకే స్టార్టు చేసేవాడు. నిద్రపోయేవాళ్ళ నిద్ర చెడకూడదని ఆయన పడే ఈ శ్రమ గురించి వీధిలో కథలుగా చెప్పుకునేవారు. చెప్పడం మొదలుపెట్టింది పిన్నే. “నాకు తెల్లవారుజామునే కదా కాస్త కునుకు పట్టేది. అందుకని పాపం ఆయన...” అని ఆవిడ గోడ మీదుగా మొదలుపెడితే, పక్కింటావిడ వెంటనే లోపలికెళ్ళి వాళ్ళాయన్ని నాలుగు మాటలు అనేది. ఆయనకి స్కూటరుండేది, హారనుండేది, ఆ రెండిటి మీదా ప్రేముండేది.

నిజమేమిటంటే, బాబాయి కుడి మోకాలు పోయింది.

పోయిందంటే పూర్తిగా పోలేదు. నడుస్తుంది, కూర్చుంటుంది, మెట్లెక్కేటప్పుడు కొంచెం గొణుగుతుంది. ఒక మిషను తలకాయ ఎత్తుకుని ఇరుకు మెట్లు దిగుతూ ఆయన కాలు మెలికపెట్టుకున్నాడు. అది మానింది గానీ, కాలెత్తి బలంగా కిందికి తన్నాల్సి వస్తే మాత్రం చిప్ప కింద ఎవరో మేకు దిగ్గొట్టినట్టు ఉంటుంది. బండి కిక్కు కొట్టడమంటే సరిగ్గా అదే పని. సగం తన్ను తంతే కిక్కురాడ్డు వెనక్కి తిరిగి తననే తంతుంది.

కాలు మెలికపడ్డ రోజున ఆసుపత్రి బల్ల మీదే పిన్ని తీర్పు చెప్పేసింది. “ఇదిగో, చెబుతున్నాను. ఈ మోకాలు ఇంకొక్కసారి పేచీ పెట్టిందో, ఆ బండి అమ్మేస్తాను. ముందుగదిలో బల్ల వేస్తాను. అక్కడే కూర్చుందురుగాని. పని కావలసినవాళ్ళే వస్తారు.”

పిన్ని మాట అంటే మాటే. పిల్లలు చదువుకునే రోజుల్లో, ఇంకొకసారి చెప్పించుకుంటే టీవీ ఎత్తి అటక మీద పెట్టేస్తానంది. ఆ టీవీ ఇప్పటికీ అటక మీదే ఉంది.

బాబాయి ముందుగదిని చాలాసార్లు పరీక్షగా చూశాడు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఇనపకాళ్ళ మిషన్లు మోసుకుని ఈ సందు ఎక్కేవాళ్ళెవరు? ఇంకొకణ్ణి పిలిపించుకుంటారు. అదైనా సర్దుకుపోవచ్చు. కానీ ఆ గదిలో కూర్చున్నవాడికి కోటు టైలరు వెటకారం వినిపించదు, ఊరంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ కుట్టుగదిలో నాలుగు మిషన్లు ఒకేసారి పరుగందుకున్నప్పుడు వచ్చే వానచప్పుడు వినిపించదు. చేతుల్లో పని ఉంటుందేమో గానీ, ఊరు ఉండదు. అందుకని ఆయన మోకాలి సంగతి ఎవరికీ చెప్పకూడదని నిశ్చయించుకున్నాడు.

ఆ నిశ్చయం నుంచే ఆచారం పుట్టింది. పొద్దున్న వాలులో దొర్లించి, సెకండు గేరు వేసి, క్లచ్చి వదిలితే బండి కిక్కు లేకుండానే అందుకుంటుంది. అలా రోజుకి ఒక్కసారి కుదురుతుంది. ఊళ్ళో మిగతా వీధులన్నీ బల్లపరుపు. కాబట్టి పొద్దున్న ముట్టించిన మంట సాయంత్రందాకా ఆరకూడదు. ఆరకుండా ఉండటానికి ఆయన కార్బరేటరు పక్కనుండే స్లో స్క్రూని, అంటే నిలబడ్డప్పుడు ఇంజను ఎంత వేగంగా తిరగాలో చెప్పే చిన్న మరను, తన కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో కాస్త బిగించాడు. ఇంకాస్త బిగించాడు. దారం తెగకుండా టెన్షను సరిచేసే చెయ్యి అది. ఎంత తిప్పాలో దానికి తెలుసని ఆయన నమ్మకం.

బండికి కుడిచేతి పిడి దగ్గర ఒక ఎర్రబటను కూడా ఉంది. నొక్కితే స్టార్టయ్యే సెల్ఫ్. కానీ బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది, కిక్కుండగా ఇదెందుకులే అని అందరూ దాన్ని మరిచిపోయారు. హారను కూడా ఇంజను పెంచితేనే మేకపిల్లలా ఒకసారి అరిచేది. బాబాయి మరిచిపోలేదు. బ్యాటరీ వేయించమని బావమరిదితో అనాలని నాలుకదాకా వచ్చేది. అంటే, కిక్కుకేమొచ్చిందని అడుగుతాడు. దొంగతనం చేసినవాడు తాళంచెవులవాడి దుకాణం ముందు నిలబడలేడు. బటను ఉత్సవ విగ్రహంలా అలాగే ఉండిపోయింది.

ఎండలు ముదిరేసరికి ఇంజను నుంచి వంపు తిరిగి కిందికి దిగే సైలెన్సరు పైపు రంగు మారింది. వెండిలా మెరిసేది కాస్తా ముందు టీ డికాక్షను రంగుకొచ్చింది, తర్వాత వంకాయ రంగుకి, ఆఖరికి నెమలిమెడలా నీలం తిరిగింది. బాబాయికి చూడటానికి బాగానే ఉందనిపించింది. బావమరిదికి మాత్రం తల కొట్టేసినట్టయింది. తన చేత్తో ట్యూనింగు చేసిన బండి పైపు నీలం తిరగడమంటే, వంటవాడు తన ఇంట్లోవాళ్ళకే మాడిన కూర వడ్డించడం.

“గాలి ఎక్కువ పోతోంది బావా, పెట్రోలు తక్కువ పోతోంది. అందుకే ఉడికిపోతోంది,” అని కార్బరేటరు విప్పి కడిగాడు. తగ్గలేదు. అతుకులో ఉండే గ్యాస్కెట్ దగ్గర గాలి పీలుస్తోందేమోనని అది మార్చాడు. తగ్గలేదు. వాల్వులు విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. తన దగ్గర పెట్టుకుని ఊరవతలిదాకా తోలి వచ్చాడు. పైపు మర్యాదస్తుడిలా ఉంది. బాబాయి చేతికిచ్చిన సాయంత్రానికి, చెయ్యి దగ్గర పెడితే రోమాలు కాలేంత.

“నా దగ్గర బుద్ధిగా ఉంటుంది, నీ దగ్గరికొచ్చేసరికి పూనకం. చూడు బావా, బండి నడుస్తుంటే గాలే దానికి విసనకర్ర. నిలబెట్టి తిప్పుతుంటే ఎవడు విసురుతాడు? దిగినచోట ఆపి చావొచ్చుగా?”

“ఆపితే మళ్ళీ స్టార్టు చెయ్యాలి.”

“చేస్తే?”

“స్టార్టింగుకే పెట్రోలు ఎక్కువ తాగుతుంది.”

బావమరిది చేతిలో రెంచీ కింద పెట్టాడు. “అక్కని నీకెలా ఇచ్చార్రా నాయనా,” అని గొణుక్కుంటూ స్లో స్క్రూ తగ్గించి పంపాడు.

తర్వాతి వారం చూస్తే స్క్రూ మళ్ళీ పైకి పోయి ఉంది. అదురుకి తిరిగిపోతోందనుకుని తగ్గించాడు. మళ్ళీ పైకి. ఈసారి భార్య గోళ్ళరంగు తెచ్చి స్క్రూ తల మీద ఒక ఎర్రచుక్క పెట్టాడు. ఎవరైనా ముట్టుకుంటే చుక్క పగులుతుంది. నాలుగు రోజుల్లో పగిలింది. పగులు పక్కన, స్క్రూ గాడిలో, సన్నటి గీత. బండి మెకానిక్కుల దగ్గర అంత సన్నటి స్క్రూడ్రైవరు ఉండదు. అతను ఆ గీత వైపు చూసి, బావ చెక్కపెట్టె వైపు చూసి, బండి ఇచ్చి పంపేశాడు. మర్నాడు షట్టరు సగం దించి, తన బండి మీద బావ వెనకాల దూరంగా బయల్దేరాడు.

ఆ రోజు బాబాయి పెద్దక్క కుట్టుగదికి వెళ్ళాడు. పెద్దక్క బలంగా, నెమ్మదిగా ఉండే మనిషి. చిన్నప్పటి నుంచి మిషను తొక్కుతోంది, ఇప్పుడు నలుగురిచేత తొక్కిస్తోంది. ఆ వారం వాళ్ళు ఒక బడి నాటకాలకి పెద్ద తెర కుడుతున్నారు. తెర గదిలో పట్టక గుమ్మం దాటి అరుగు మీదికి పాకింది. బాబాయి బండిని అరుగు పక్కనే నిలబెట్టి, డుగుడుగుమనిపిస్తూ వదిలి, లోపలికెళ్ళి దారం తెంపుతున్న మిషను ముందు కూర్చున్నాడు.

కాస్త గాలి వీచింది. తెర అంచు లేచి, నీలం పైపు మీద వాలింది.

వాసన ముందుగా పెద్దక్కకి తగిలింది. గుడ్డ కాలిన వాసన కుట్టేవాళ్ళకి నిద్రలోనైనా తెలుస్తుంది. “అయ్యో తెర!” అంటూ ఆవిడ ఒక్క ఉరుకున బయటికెళ్ళి, తెర లాగేసి, బండి తాళంచెవి టక్కుమని తిప్పేసింది.

ఇంజను ఆగిపోయింది.

ఎన్నో నెలల తర్వాత ఆ వీధిలో ఆ బండి మూగబోవడం అదే మొదలు. ఎదురింటాయన పేపరు దించి మరీ చూశాడు. బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన చూస్తున్నది తెరని కాదు.

“ఎంత కాలింది?” అన్నాడు చివరికి.

“అరచేయంత. అంచుదేగా, మడిచి కుట్టేస్తే లోపలికి పోతుంది,” అంది పెద్దక్క. “మీరు కంగారుపడకండి బాబాయ్. వచ్చి మిషను చూడండి.”

ఆయన మిషను చూశాడు. చూడాల్సినంతకంటే ఎక్కువే చూశాడు. బాగున్న బాబిను విప్పి తుడిచాడు, అక్కర్లేనిచోట కూడా నూనె వేశాడు. ఆ పని అయిపోతే బయటికి పోవాలి. బయట కిక్కురాడ్డు ఉంది, వీధి బల్లపరుపుగా ఉంది. చివరికి మిషను తొక్కి చూడటానికి పలక మీద కాలు పెట్టాడు. ఎడమకాలు.

“కుడికాలు సెలవు పెట్టిందా బాబాయ్?” అంది పెద్దక్క. ఆవిడ పొద్దుటినుంచి సాయంత్రందాకా చూసేది కాళ్ళనే. “నెలల తరబడి చూస్తున్నా. ఎడమకాలితోనే తొక్కుతున్నారు.”

“మార్పుకి,” అని బాబాయి పెట్టె సర్దుకున్నాడు.

బండి ఎక్కి కిక్కురాడ్డు తీశాడు. ఒకటి తన్నాడు, సగంలో ఆగింది. రెండోది తన్నాడు, రాడ్డు తిరిగి కాలిపిక్కని కొట్టింది. మూడోదానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అలాగే హ్యాండిలు పట్టుకుని తలొంచుకుని ఉండిపోయాడు. ఏళ్ళతరబడి ఆయన అందరికీ ఒకటే మాట చెబుతూ వచ్చాడు, మిషన్ని కాదు, తొక్కేవాణ్ణి చూడమని. తన బండి దగ్గర ఆ మాట ఎవరికీ తట్టకుండా ఉండాలనే ఇన్నాళ్ళూ కోరుకున్నాడు.

“ఏ కాలు బావా?”

బావమరిది ఎదురుగా టీకొట్టు దగ్గరినుంచి వచ్చి నిలబడ్డాడు. ఈ మాట ఎత్తిపొడుపుగా అనాలని దారిపొడుగునా సిద్ధం చేసుకున్నాడు గానీ, నోటికొచ్చేసరికి మెత్తగా వచ్చింది.

“కుడిది,” అన్నాడు బాబాయి. తర్వాత, “మీ అక్కకి చెప్పకు.”

“నేను రెండుసార్లు వాల్వులు విప్పాను. పడుకుంటే కార్బరేటరు కల్లోకి వచ్చేది. నా చేతివాటం పోయిందేమోనని కొట్టు మూసేద్దామనుకున్నాను తెలుసా?”

“తెలీదు.”

“తెలీదట! ఆ సెల్ఫ్ బాగుచెయ్యరా అని ఒక్కమాట అంటే నీ సొమ్మేం పోయేది?”

“ఎందుకని అడిగేవాడివి.”

బావమరిది చేతిలోని టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. “అడిగేవాణ్ణే,” అన్నాడు. “కానీ బావా, అక్క మొహం చూస్తూ అబద్ధమాడటం నా వల్ల కాదు. నీకెలా చేతనవుతోందో గానీ. సాయంత్రంలోగా నువ్వు చెప్తే సరే.”

ఈలోగా పెద్దక్క అరుగు దిగి వచ్చింది. “ఏదీ, తొక్కాల్సింది ఇదేనా? జరగండి.” బండి పక్కన నిలబడి, కిక్కురాడ్డు మీద కాలు పెట్టి ఒక్కటి తొక్కింది. ఇంజను పెళ్ళున అందుకుంది. ఆవిడ కాలు తీసి దానివైపు కొంచెం చులకనగా చూసింది. “మా మిషనే బరువు,” అంది.

సాయంత్రం పిన్ని వసారాలో బఠాణీలు ఒలుస్తోంది. బాబాయి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“నీతో ఒక మాట చెప్పాలి.”

“చెప్పండి. పని చేతులకే, చెవులు ఖాళీ.”

ఆయన చెప్పాడు. మోకాలు, మేకు, వాలు, స్క్రూ, తెర, పెద్దక్క తన్ను, ఏదీ దాచలేదు. పిన్ని ఒలవడం ఆపలేదు. బండి అమ్మేస్తానంటే ఏమనాలో ఆయన దారిలో నాలుగు వాదాలు కూర్చుకుని వచ్చాడు. ఆవిడ బండి మాటే ఎత్తలేదు.

“అయితే పొద్దున్నే చప్పుడు లేకుండా దొర్లించుకుపోయేది...”

బాబాయి తనూ ఒక బఠాణీ కాయ తీసుకుని ఒలిచాడు.

“నా నిద్ర కోసం కాదన్నమాట.”

ఆయన కూర్చుకొచ్చిన నాలుగు వాదాలూ బండి గురించినవే.

“వీధంతా చెప్పుకున్నానండీ. పక్కింటావిడ నా మాట పట్టుకుని వాళ్ళాయనతో రోజుల తరబడి మాట్లాడలేదు.”

“మొదట్లో నీకోసం కాదు,” అన్నాడు బాబాయి. “నువ్వు గోడ దగ్గర చెబుతుంటే ఒకరోజు విన్నాను. ఆ తర్వాత గేటు కిర్రుమంటుంటే బాధనిపించి, బందులకి మిషను నూనె వేశాను. గేటు కిర్రుమన్నా బండి దొర్లేది.”

పిన్ని ఇంకో కాయ చీల్చింది.

“గేటు చప్పుడు ఆగిందని అనుకున్నాలే,” అంది. గింజలు గిన్నెలో పడ్డాయి. “బండి ఉండనివ్వండి. పొద్దస్తమానం ముందుగదిలో మీ మొహం చూస్తూ కూర్చునే ఓపిక నాకు మాత్రం ఎక్కడుంది? కానీ దిగినచోట ఆపాలి. రేపే డాక్టరు దగ్గరికి రావాలి. ఇంకోసారి నా దగ్గర దాస్తే, బండిని కాదు, మిమ్మల్ని అమ్మేస్తాను.”

“నన్నెవరు కొంటారే?”

“అవును, తూకానికి వేయాల్సిందే. అందులో కుడి మోకాలు తరుగు తీసేస్తారు.”

మర్నాడు డాక్టరు మోకాలు వంచి, చాచి, పట్టీ కట్టి, తన్నే పనులు మానమన్నాడు. సాయంత్రం బావమరిది కొత్త బ్యాటరీ పట్టుకొచ్చాడు. పాతది తీసి అది బిగించడానికి, అక్క ఇచ్చిన టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. స్లో స్క్రూ తగ్గించి, కొత్తగా ఎర్రచుక్క పెట్టి, బావ చేత బటను నొక్కించాడు. బొటనవేలితో నొక్కితే స్టార్టయింది. బాబాయి దాన్ని ఆపి, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆపాడు.

“చాల్లే బావా, మళ్ళీ చస్తుంది బ్యాటరీ.”

అప్పటినుంచి పైపు వేడెక్కలేదు, కానీ నీలం పోలేదు. ఎంత తోమినా పోదని బావమరిది చెప్పాడు. కోటు టైలరు మాత్రం గుమ్మం ముందు నిశ్శబ్దం చూసి, బండి పోయిందనుకుని పరామర్శించాడు.

ఇక భావి పరిశోధకులు గమనించవలసినది బ్యాటరీ మార్చిన మర్నాటి ఉదయం. ఇంటి ముందే బటను నొక్కి వెళ్ళే హక్కు, సౌకర్యం, బ్యాటరీ, అన్నీ ఉన్న మనిషి ఆ రోజు గేటు మెల్లగా తీసి, బండెక్కి, కూర్చున్నాడు. చెయ్యి బటను దాకా పోయింది. ఒకసారి ఇంటివైపు తిరిగి చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, బండిని చప్పుడు లేకుండా సందు చివరిదాకా దొర్లించుకుంటూ పోయి, మలుపు తిరిగాక నొక్కాడు. అవసరం కోసం పుట్టిన ఆచారం అవసరం తీరాక కూడా నిలబడిందంటే దాన్ని సంస్కృతి అంటారు. వీధి గౌరవం, ఆవిడ కునుకు, రెండూ ఆ పూట నిజంగానే ఆయన చేతుల్లో భద్రంగా ఉన్నాయి.

పిన్ని అప్పటికే లేచి, వంటింట్లో పాలు కాస్తోంది.